ఇంజన్లు దాచమన్నది నేనే

ఒక్క మనిషి తన తెలివితేటలతో ఊరందరి నోటి దగ్గర కూడు ఎలా లాగేయగలడో మీకు సందేహం ఉంటే నన్నడగండి. నేను చేసి చూపించాను. అదీ ఒక్క పూటలో, ఎవరూ బతిమాలకుండానే!

డిగ్రీ పాసై, ఉద్యోగం రాక, శ్రీకాకుళం జిల్లా సముద్రపొడ్డున ఉన్న మా అక్కావాళ్ల ఊళ్లో తిష్ఠ వేసిన రోజులవి. మా బావ ఎర్రయ్యకి ఒక ఫైబర్ తెప్ప, దానికో ఇంజను ఉండేవి. అంతకుముందు తెల్ల రేషన్ కార్డుల తనిఖీకి అధికార్లు వచ్చినప్పుడు, టీవీలూ మిక్సీలూ దుప్పట్ల కింద దాచమని ఊరికి సలహా ఇచ్చింది నేనే. ఒక్క కార్డూ పోలేదు. అప్పట్నుంచి టీకొట్లో నా దగ్గర డబ్బులు తీసుకోవడం మానేశారు. ఇంక నేను ఆగుతానా?

వేసవిలో చేపలు గుడ్లు పెట్టే రోజుల్లో సముద్రం మీద వేట నిషేధం. ఆ రెండు నెలలూ ఇల్లు గడవడానికి సర్కారు భృతి ఇస్తుంది. ఆఫీసరు ఒడ్డుకొచ్చి, తెప్పలు చూసి, పేర్లు రాసుకుంటాడని కబురొచ్చింది. అక్క అప్పటికే ఆ భృతి మీద ఆశతో కొట్లో బియ్యం అరువు తెచ్చేసింది.

"ఒరే, సదువుకున్నోడివి. ఏటి సెయ్యాలో సెప్పు," అన్నాడు బావ.

పంచాయతీ గోడకి నోటీసు అంటించే ఉంది. చదవాలా? నేనా? నాలాంటివాడికి నోటీసులెందుకండీ!

"పేదోళ్లకిచ్చే డబ్బులు బావా ఇవి! అంత ఇంజను సూసినాక మనల్ని పేదోళ్లంటాడా ఆఫీసరు? ఇప్పీసి దాసీండి. తెప్పలో తెడ్లు పెట్టండి. సిరిగిన సొక్కాలేసుకోండి."

"ఓలమ్మో, మా తమ్ముడి బుర్రే బుర్ర!" అని అక్క మెటికలు విరిచింది.

సాయంత్రానికల్లా ఊళ్లో ఇంజనన్నది కనబడితే ఒట్టు. కొన్ని జీడితోటలోకి వెళ్లాయి, కొన్ని ఎండుచేపల గంపల కిందికి. ఒకాయనైతే ఇంజనుకి చీర చుట్టి మంచమ్మీద పడుకోబెట్టి, జ్వరమొచ్చిన ముసల్దని చెప్పమని పెళ్లానికి నేర్పాడు. బావ తన ఇంజన్ని గోనెసంచిలో కట్టి ఇసకలో పాతేశాడు. నేను చేతులు వెనక్కి కట్టుకుని అన్నీ పర్యవేక్షించాను.

పొద్దున్నే జీపొచ్చింది. మత్స్యశాఖ ఆఫీసరు తెప్పల వరస చూసుకుంటూ వచ్చి ఆగాడు.

"ఇంజన్లేవీ?"

నేను వినయంగా ముందుకొచ్చాను. "మాకు ఇంజన్లెక్కడివి సార్! రెక్కలే మా ఇంజన్లు."

ఆయన పెన్ను జేబులో పెట్టేసుకున్నాడు. "అయితే వస్తాను. ఈ భృతి ఇంజను తెప్పలకే. తెడ్ల తెప్పలకి అసలు నిషేధమే లేదు. నోటీసులో పెద్దక్షరాలతో రాశాంగా!"

ఊరంతా నావైపు తిరిగింది. ఆ చూపులు తలుచుకుంటే నాకిప్పటికీ చెమట పడుతుంది.

"ఉన్నాయి సార్! ఇంజన్లున్నాయి!" అని అరిచాను.

"ఇప్పుడేగా లేవన్నావు?"

"విశ్రాంతి తీసుకుంటున్నాయి సార్!"

ఇక చూడాలి ఆ పరుగులు! "బేగి! బేగి తెండ్రా!" అంటూ జీడితోట వైపు మగాళ్లు, గంపల వైపు ఆడాళ్లు. ముసల్దాన్ని మంచంతో సహా మోసుకొచ్చారు. బావ పాతిన చోటు మర్చిపోయి ఒడ్డంతా గోతులు తవ్వి, చివరికి ఇంజన్ని తెచ్చి తెప్పకి బిగించాడు. దాన్నుంచి ఇసక ధారగా కారుతోంది.

"ఇది నడిచేదేనా?" అన్నాడు ఆఫీసరు అనుమానంగా.

పోయిన పరువు దక్కించుకునే అవకాశం! "నడవకేం సార్! చూడండి!" అంటూ తెప్పని నీళ్లలోకి నెట్టి, ఎక్కి, తాడు లాగాను. ఇంజను దగ్గింది, తుమ్మింది, గర్జించింది. కెరటం దాటేశాను! ఒడ్డున ఊరంతా చేతులూపుతూ కేకలు పెడుతోంది. ఆహా, ఎంత అభిమానం! నేనూ చెయ్యూపి, వాళ్ల సంతోషం కోసం ఇంకో చుట్టు తిప్పాను.

ఒడ్డుకొచ్చాక తెలిసింది, వాళ్లు అరిచింది "నిషేదంరా సచ్చినోడా, ఎనక్కి రా!" అని.

"నిషేధంలో సముద్రంలోకెళ్లిన తెప్పకి భృతి ఆపాలి," అన్నాడు ఆఫీసరు. "అదీ నా కళ్లముందే వెళ్లింది. నేనేం చెయ్యను?"

అక్క ఇసకలో కూలబడిపోయింది. "కొట్టోడికేటి సెప్పనురా? ఈ రెండు నెల్లూ పిల్లలకేటి పెట్టనురా?"

నవ్వొచ్చే కథే గానీ, ఆ క్షణాన మాత్రం నాకు ఏడుపొచ్చింది. అక్క మొహం చూడలేకపోయాను.

బావ ముందుకొచ్చాడు. "బాబూ, తెప్పలో వల నేదు. వల నేకండా వేటేటి?"

"వేటకి కాకపోతే ఎందుకెళ్లినట్టు? నేను కారణం రాయాలయ్యా."

బావ నన్ను ఎగాదిగా చూశాడు. "మా బామ్మర్దికి బుర్ర నేదని రాసీండి బాబూ. ఊరంతా సాచ్చికం సెప్తాది."

"అవును బాబూ! బుర్ర నేదు!" అంది ఊరు ఒక్క గొంతుతో. అందరికంటే గట్టిగా అరిచింది మా అక్క.

ఆఫీసరు నవ్వాపుకుంటూ 'సదరు వ్యక్తికి లోకజ్ఞానం లేనందున' అని రాసి, కాగితం నా ముందు పెట్టాడు. కింద సంతకం చేశాను, పేరు పక్కన బీకాం అని కూడా పెట్టి. ఊరందరితో పాటు బావకీ భృతి వచ్చింది. నా డిగ్రీ ఒక్క ఉద్యోగమూ తేలేదు గానీ, నా బుర్ర లేనితనం మా అక్క ఇంటికి రెండు నెలల బియ్యం తెచ్చింది.

కాబట్టి బంగాళాఖాతం సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట సర్కారు నోటీసు ఏది కనబడినా ఆఖరి చుక్కదాకా చదువుతాను. చదివాక కూడా, ఎవరికీ సలహా ఇవ్వను.