ఎక్కడికి, మాస్టారూ?

మొహిద్దీన్ బాషా చుట్ట కాల్చడు, పేకముక్క ముట్టడు, ఒకరిని పల్లెత్తు మాట అనడు. ఉన్నదల్లా ఒక్కటే దురలవాటు. ఇల్లు కదిలి వెళుతున్న మనిషి కంటబడితే చాలు, "ఎక్కడికి?" అని అడిగేస్తాడు.

ఇది మన వైపు ఎంత ఘోరమో వేరే చెప్పక్కర్లేదు. పని మీద బయల్దేరినవాణ్ణి ఎక్కడికని అడగకూడదు. మరీ ఉండబట్టకపోతే "దూరమా?" అని మెల్లగా అనాలి. "ఎక్కడికి" అన్నారంటే ఆ పని చెడినట్టే. వెనక్కి వెళ్లి, కాళ్లు కడుక్కుని, కాసేపు కూర్చుని, మంచినీళ్లు తాగి మళ్లీ బయల్దేరాలి. చిలకలూరిపేటలో మా బజారు జనం ఇప్పటికీ అలాగే చేస్తారు. చిక్కేమిటంటే మా బజారు నుంచి మెయిన్ రోడ్డుకి దారి ఒక్కటే, ఆ దారి మొగలోనే బాషా పరుపుల షాపు. నీళ్లు తాగి వచ్చేసరికి బాషా అక్కడే ఉంటాడు.

"ఇందాక వెనక్కి పోయారేం? ఇప్పుడెక్కడికి?"

రోజంతా దూది ఏకే మిషన్ ముందు కూర్చుంటాడు కాబట్టి కనుబొమల మీద, మీసం మీద, చెవుల్లో దూదే. కొత్తవాళ్లు ఎవరో పండు ముసలాయన అనుకుని నమస్కారం పెడతారు. దులుపుకుంటే నాకంటే చాలా చిన్నవాడు.

మరియదాసు ఖాళీ ఆటోతో వెళ్తుంటే ఒకరోజు ఆపాడు. "ఎక్కడికి తమ్ముడూ?"

"నాకేం తెలుసన్నా? ఎవరెక్కితే అక్కడికి."

"మరి అటే ఎందుకు పోతున్నావు?"

మరియదాసు ఆటో పక్కకి తీసి, ఇంజను ఆపి, చాలాసేపు ఆలోచించాడట.

ఇంకోసారి పెళ్లి ఊరేగింపు వెళుతోంది. బ్యాండు, లైట్లు, గుర్రం మీద పెళ్లికొడుకు. బాషా సరాసరి పెళ్లికొడుకునే అడిగాడు. "పెళ్లికండీ" అన్నాడు ఆ అబ్బాయి బెదిరిపోయి. "ఎవరి పెళ్లికి?" అన్నాడు బాషా.

నేను గుంటూరులో లైబ్రేరియన్‌గా చేసి రిటైరై ఇక్కడికి వచ్చాను. ఉద్యోగమంతా 'నిశ్శబ్దం పాటించండి' అన్న బోర్డు కింద కూర్చున్నవాణ్ణి. చదువుకుంటూ ప్రశాంతంగా బతకొచ్చని చిన్న ఊరు ఎంచుకున్నాను. చిన్న ఊళ్లో దొరికేది ప్రశాంతత కాదని మొదటిరోజు గేటు తీయగానే తెలిసింది.

"ఎక్కడికి, మాస్టారూ?"

నేనెప్పుడూ ఎవరికీ పాఠం చెప్పలేదు. కానీ కళ్లజోడూ చేతిలో పుస్తకమూ ఉంటే ఇక్కడ మాస్టారే.

"ఊరికే, అలా నడిచొద్దామని."

"ఊరికే ఎవరన్నా నడుస్తారా మాస్టారూ?"

సాయంత్రానికల్లా నాకు షుగర్ ఉందని బజారంతా తెలిసిపోయింది. నాకు లేదు. మర్నాడు పక్కింటి కోటిరత్నం గిన్నెడు కాకరకాయ వేపుడు పంపింది. బాగుంది, అందుకని నేనూ కాదనలేదు.

కోటిరత్నం భర్త లారీ డ్రైవరు, నెలలో సగం రోజులు రోడ్డు మీదే. ఆమె తెల్లారగానే మిరపచేలోకి పోతుంది. ఇంట్లో కూతురు శ్రీదివ్య, మామగారు బుల్లయ్య. బుల్లయ్య ఒకప్పుడు పత్తి జిన్నింగ్ మిల్లులో కాటా గుమస్తా. ఇప్పుడు మతిమరుపు. నన్ను చూసినప్పుడల్లా "కొత్తగా వచ్చారా?" అని ఆప్యాయంగా అడుగుతారు. పొద్దున్నే ఉతికిన చొక్కా తొడుక్కుని, క్యారేజీ పట్టుకుని బయటికి వస్తారు. బాషా ఎక్కడికంటాడు. ఆయనేదో చెబుతారు. ఇద్దరూ నవ్వుకుంటారు. ఇక మధ్యాహ్నం దాకా షాపులో కూర్చుని బూరుగు దూదిలో గింజలు ఏరుతుంటారు.

"మా మావయ్యకి తగ్గ స్నేహితుడే దొరికాడు. ఒకరు అడిగిందే అడుగుతారు, ఇంకొకరు చెప్పిందే చెబుతారు" అనేది కోటిరత్నం.

శ్రీదివ్య ఎమ్మెస్సీ చదివింది. విత్తనాల కంపెనీలో ల్యాబు ఉద్యోగానికి రెండుసార్లు గుంటూరు వెళ్లింది. రెండుసార్లూ బాషా అడిగాడు. రెండుసార్లూ ఉద్యోగం రాలేదు. మూడో ఇంటర్వ్యూకి ముందురోజు సాయంత్రం కోటిరత్నం కొంగు బిగించి షాపు మీదికి వచ్చింది.

"అన్నా, నీ షాపు నిండా దూదే కదా. ఒక ముద్ద నోట్లో కుక్కుకోరాదూ?"

"ఊపిరాడదమ్మా రత్నం."

"మాకూ ఆడట్లా. ఇది కూడా పోతే పిల్ల చేనుకే వస్తానంటోంది. కాయలు కోసి నా చేతులు మండింది చాలు, దాని చేతులొద్దు. రేపు నువ్వు నోరెత్తితే ఊరుకోను."

"నేనడిగితేనే పోయిందా? అక్కడ వాళ్లేమడిగారో కనుక్కున్నావా?"

లోపలి నుంచి బాషా భార్య చాంద్‌బీ వచ్చింది. "ఇంకా ఎదురు మాటా! నేనున్నా రత్నం. రేపు మధ్యాహ్నం దాకా ఈయన ఎవర్నన్నా ఎక్కడికి అన్నాడంటే మా ఇంట్లో పొయ్యి వెలగదు."

బాషా మొహం చిన్నబోయింది. "ఎవర్నన్నానా? దివ్యమ్మ ఒక్కదాన్నే కదా?"

"అందర్నీ! మీ నోరు ఒకసారి తెరుచుకుంటే మూతపడదు" అంది చాంద్‌బీ.

బాషా ఓసారి మూలన గింజలు ఏరుకుంటున్న బుల్లయ్య వైపు చూశాడు. "సరే" అన్నాడు నీరసంగా.

మర్నాడు ఆరుబయట కుర్చీ వేసుకుని, పుస్తకం తెరిచి, చదవకుండా కూర్చున్నాను. శ్రీదివ్య బయల్దేరింది. బాషా నోటికి తువ్వాలు బిగించి కట్టుకుని, చేతులు రెండూ వెనక్కి పెట్టుకుని, గోడవైపు తిరిగి నిలబడ్డాడు. ఆ పిల్ల నవ్వాపుకుంటూ మలుపు తిరిగింది. కోటిరత్నం దేవుడికి దణ్ణం పెట్టుకుని చేనుకి పోయింది. బజారంతా ఊపిరి పీల్చుకుంది.

తర్వాత బుల్లయ్య వచ్చారు. ఉతికిన చొక్కా, క్యారేజీ. అలవాటు ప్రకారం షాపు ముందు ఒక్క క్షణం ఆగారు. బాషా తువ్వాలు కదిలింది గానీ మాట రాలేదు. ఎవరూ అడగలేదు కాబట్టి బుల్లయ్య మెయిన్ రోడ్డు మీదికి సాగిపోయారు.

బాషా మిషన్ కట్టేసి, షాపు వాకిలి బార్లా తెరిచి ఉంచి, ఆయన వెనకాల పరుగు తీశాడు. నేను పుస్తకంలో వేలు పెట్టి అలాగే లేచాను. పక్కవాడి సంగతి మనకెందుకులే అనుకునే రోజులు నాకూ అయిపోయాయని అప్పుడే తెలిసింది.

ముందు క్యారేజీతో బుల్లయ్య, వెనక మూతికి గుడ్డతో, కనుబొమలకి దూదితో బాషా, ఆ వెనక పుస్తకంతో నేను. ఎదురొచ్చిన మరియదాసు ఆటో ఆపి మా ముగ్గుర్నీ వింతగా చూశాడు. పాపం, ఏమడగాలో అతనికి తోచలేదు.

హైవే దగ్గర బుల్లయ్య అటూ ఇటూ చూడకుండా రోడ్డు మీదికి దిగిపోయారు. పత్తి లోడు లారీ వస్తోంది. బాషా ఒక్క గెంతులో ముందుకి దూకి రెండు చేతులూ ఎత్తాడు. లారీ కీచుమని ఆగింది. డ్రైవరు తల బయటపెట్టి తిట్టిన తిట్టు ఇక్కడ రాయదగ్గది కాదు. బుల్లయ్య మాత్రం నింపాదిగా దాటి, అవతల ఉన్న కల్యాణ మండపం గేటు ముందు ఆగారు. ఒకప్పుడు అక్కడే ఆయన మిల్లు ఉండేదట.

"ఎవరి తరఫండీ? ఆడపెళ్లివారా, మగపెళ్లివారా?" అన్నాడు వాచ్‌మన్.

"కాటా గుమస్తాని. గేటు తియ్యి, పత్తి బోరాలు తూకానికొచ్చే టైమైంది."

"ఇక్కడ పెళ్లండీ పెద్దాయనా!"

బుల్లయ్య పైకి చూశారు. పూల తోరణం, ఫ్లెక్సీ మీద వధూవరుల బొమ్మలు. దారి తప్పిన పిల్లాడిలా చుట్టూ చూశారు. బాషా కనిపించాడు. బుల్లయ్య మొహంలోకి ప్రాణం తిరిగొచ్చింది.

"ఒరేయ్ బాషా! నువ్వెక్కడికిరా, పొద్దున్నే?"

బాషా తువ్వాలు లాగేశాడు. "మీ వెనకాలే బాబాయ్. ఇవాళ మిల్లు సెలవు. ఇక్కడ పెళ్లి."

"మరి షాపు దగ్గరే చెప్పి ఏడవచ్చు కదరా! ఇంత దూరం నడిపించావు!"

"తప్పే బాబాయ్."

వాచ్‌మన్‌కి ఏమర్థమైందో గానీ ముగ్గుర్నీ లోపలికి పంపాడు. పెసరట్టు, ఉప్మా. ఎవరి తరఫో ఎవరూ అడగలేదు.

వచ్చేటప్పుడు మరియదాసు ఆటోనే ఎక్కాం. బుల్లయ్య ముందు కూర్చుని అతన్ని కొత్తగా వచ్చావా అని పలకరిస్తున్నారు. వెనక నేను బాషాని మెల్లగా అడిగాను.

"రోజూ ఇంతేనా?"

"మూడేళ్లయింది మాస్టారూ. మొదటిసారి ఇదిగో, ఈ రోడ్డు మీదే దొరికారు. మిల్లులో నాకు దూది పట్టుకోవడం నేర్పిన మనిషి. ఇంట్లో చెబితే ఏం చేస్తారు? రత్నం చేనుకి పోవాలి, గొళ్లెం పెట్టి పోతుంది. ఒక్క ప్రశ్నకి ఆగిపోయే మనిషికి గొళ్లెమెందుకని..."

"మరి ఊరందర్నీ ఎందుకయ్యా చంపుతావు?"

బాషా చెవిలో దూది తీసుకుంటూ అన్నాడు. "ఆయన్నొక్కణ్ణే అడిగితే కాపలా అవుద్ది మాస్టారూ. అందర్నీ అడిగితే అలవాటు అవుద్ది."

ఆ దూది ఊదేసి సిగ్గుగా నవ్వాడు. "మొదట్లో అందుకే. తర్వాత నిజంగానే అలవాటైపోయింది. భలే సంగతులు తెలుస్తాయి లెండి."

శ్రీదివ్యకి ఉద్యోగం వచ్చింది. బాషా నోరు మూసుకున్న మహిమేనని బజారంతా తీర్మానించింది. ఆ సాయంత్రం నేను కోటిరత్నాన్ని కూర్చోబెట్టి జరిగింది చెప్పాను. మంచి లైబ్రేరియన్ రహస్యాలు చెప్పడు, కానీ నేను రిటైరైపోయాను కదా. మర్నాడు కాకరకాయ వేపుడు మా ఇంటికి కాక బాషా ఇంటికి వెళ్లింది.

ఉద్యోగంలో చేరే రోజు కూతుర్ని తీసుకొచ్చి షాపు ముందు నిలబెట్టింది. బాషా అప్పటికే తువ్వాలు కట్టుకుని గోడవైపు తిరిగి ఉన్నాడు.

"ఇటు తిరుగన్నా. అడుగు."

"వద్దమ్మా, మొదటిరోజు..."

"అడుగుతావా, చాంద్‌బీ వదినని పిలవనా?"

బాషా తువ్వాలు కిందికి లాగి, కొత్తగా నేర్చుకున్నవాడిలా అన్నాడు. "ఎక్కడికి, దివ్యమ్మా?"

"ఉద్యోగానికి మావయ్యా!"

మొన్న బాషా, చాంద్‌బీ ఇద్దరూ మేనకోడలు నాజియా పెళ్లికని వినుకొండ బయల్దేరారు. సంచులతో వాళ్లు గడప దిగేసరికి బజారు బజారంతా వాకిళ్లలో నిలబడి ఉంది.

"ఎక్కడికన్నా?" అని ఒక్క గొంతుతో అరిచారు.

బాషా సంచి కింద పెట్టాడు. లోపలికి వెళ్లి, కాళ్లు కడుక్కుని, కూర్చుని, మంచినీళ్లు తాగాడు. "ఇన్నాళ్లూ ఊరందర్నీ అడిగిన పెద్దమనిషికి పట్టింపొకటి! బస్సు పోద్దయ్యా!" అని చాంద్‌బీ నెత్తి కొట్టుకుంది. వెళ్తూ వెళ్తూ బాషా ఎదురుగా ఉన్న మా గేటు దగ్గర ఆగి, "రెండు రోజులు మాస్టారూ" అన్నాడు, అంతే.

మర్నాడు పొద్దున్నే పుస్తకం మూసి గేటు దగ్గర నిలబడ్డాను. ఉతికిన చొక్కాతో, క్యారేజీతో బుల్లయ్య వచ్చారు. జన్మలో ఎవర్నీ అడగని ప్రశ్న అది. దగ్గి గొంతు సవరించుకున్నాను.

"ఎక్కడికి, బుల్లయ్యగారూ?"

ఆయన ఆగి, నన్ను ఎగాదిగా చూశారు.

"ఆ బాషాగాడొక్కడితోనే వేగలేక చస్తుంటే, మీరు కూడా మొదలుపెట్టారా?" అంటూ లోపలికి వచ్చి, నా కుర్చీలో హాయిగా కూర్చున్నారు.