లింగన్న హాజరు రోజులు

మొదట పోయినవన్నీ రాస్తాను. లెక్కతో మొదలుపెట్టకపోతే నాకు ఏ మాటా కుదరదు.

గల్ఫులో పదకొండేళ్లు పోయాయి. ఇనుప సలాకలు కోసే యంత్రం పక్కన నిలబడి ఎడమ చెవిలో సగం వినికిడి పోయింది. రెండు దవడ పళ్లు పోయాయి. మా అవ్వ ఆఖరి మాట పోయింది. నేను విమానం దిగి ఊరికి చేరేసరికి ఆమె పదకొండో రోజు జరుగుతోంది. పెద్దకొడుకు చిన్నతనం పోయింది. నాలుగేళ్ల వాడు నన్ను చూసి తలుపు చాటుకు పోయి దాక్కున్నాడు. ఇవన్నీ నావి. వీటికి నేనెవరికీ జవాబు చెప్పనక్కర్లేదు. హుజూరాబాద్ చుట్టుపక్కల ఏ ఊళ్లో అడిగినా, పోయి వచ్చినవాళ్లు ఇలాంటి పట్టీ ఒకటి చదివి వినిపిస్తారు.

ఈ పట్టీలోకి ఎక్కనిది ఒకటుంది. అది నాకు పోయింది కాదు. నా వల్ల ఇంకొకరికి పోయింది. ఇరవై రెండేళ్లుగా దాన్ని మోస్తున్నాను. నా భార్యకు తెలియదు. అన్నదమ్ములకు తెలియదు. పోగొట్టుకున్న మనిషికి అసలే తెలియదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నాను. నా పేరు మాత్రం రాయను.

నేను ఏడో తరగతితో బడి మానేశాను. వడ్ల మార్కెట్లో ఒక అడ్తి దుకాణంలో సంచులు మోస్తూ, సేటు చెప్పే తూకాలు వింటూ లెక్క నేర్చుకున్నాను. ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. ఇప్పుడు మా ఊరి వడ్ల కొనుగోలు కేంద్రంలో సంచులు లెక్క రాసేది నేనే. నేను వేసిన అంకెను మళ్లీ ఎవరూ లెక్కపెట్టి చూడరు. ఆ మాట నా ముందే అంటారు. అప్పుడు తల దించుకుంటాను. వినయం అనుకుంటారు. కానివ్వండి.

మస్కట్ నుంచి రెండు గంటలు లోపలికి పోతే మా క్యాంపు. ఒక గదిలో ఎనిమిది మందిమి. అందరిదీ సలాకలు కట్టే పనే. నాకు అంకెలు వస్తాయని ఫోర్‌మన్ కనిపెట్టి, రెండో నెల నుంచి హాజరు షీటు నా చేతికిచ్చాడు. పొద్దున ఎవరు వచ్చారు, ఎవరు రాలేదు, ఎవరికి ఒంట్లో బాగాలేదు, నేను రాస్తే ఆఫీసులో గుమాస్తా దాన్ని కంప్యూటర్లోకి ఎక్కించేవాడు. కూలి అంతే, కానీ ఎండ కొంచెం తప్పేది.

ఇంటికి పోయే సెలవును అక్కడ అందరూ చుట్టీ అంటారు. రెండేళ్లు నిండాక రెండు నెలల చుట్టీ. కానీ మా గదిలోంచి ఒకసారికి ఒక్కరే పోవాలి. ఇద్దరు పోతే పని ఆగుతుంది. ఎవరు ముందు అనేది నెలాఖరు షీటు చెప్పేది. రెండేళ్లు నిండినవాళ్లలో ఎవరి హాజర్లు ఎక్కువుంటే టికెట్టు వాళ్లకు. వాళ్లు తిరిగి వచ్చాకే తర్వాతివాళ్లకు. గొడవలు లేని పద్ధతి. నాకు చాలా నచ్చేది.

లింగన్నదీ నాదీ ఒకే నెలలో రెండేళ్లు నిండాయి. లింగన్న నిర్మల్ అవతలి మనిషి. నాకంటే ఐదేళ్లు చిన్న. చదువు లేదు. విమానం ఎక్కేనాటికి అతని భార్య గంగవ్వకు ఆరో నెల. మూడు నెలలకు ఆడపిల్ల పుట్టింది. రజిత అని పేరు ఫోన్లోనే చెప్పాడు. శుక్రవారం శుక్రవారం ఊళ్లో కిరాణా దుకాణానికి ఫోన్ చేస్తే గంగవ్వ పిల్లను ఎత్తుకొని వచ్చేది. పిల్ల 'బాపు' అనేది. అనగానే సిగ్గుపడి ఫోన్ వదిలేసేదట. అతను ఆ ఒక్క మాటా విని గదికి వచ్చి, అది ఎట్లా అన్నదో మిగతా ఏడుగురికీ అని చూపించేవాడు.

ఆ ఎండాకాలంలో లింగన్న కాలులో మేకు దిగింది. పన్నెండు పనిదినాలు గదిలోనే పడుకున్నాడు. ఆసుపత్రిలో ఇంగ్లీషులో ఒక చీటీ రాసిచ్చారు. నాకు సమజ్ గాదు, నీ తాన ఉంచమని దాన్ని నా చేతిలో పెట్టాడు. డాక్టరు చీటీని షీటుకు జతచేస్తే ఆ రోజులు హాజరుగానే లెక్క. చీటీ లేకపోతే గైరుహాజరు. ఈ సంగతి షీటు రాసేవాడిగా నాకు తెలుసు. లింగన్నకు తెలియదు.

నేను దాన్ని చొక్కా జేబులో పెట్టుకొని మరిచిపోయాను. ఇంతవరకు నిజంగానే మరిచిపోయాను. దీన్ని గట్టిగా రాస్తున్నాను, ఎందుకంటే దీని తర్వాతిది మరుపు కాదు.

అదే వారం ఇంటి నుంచి కబురు వచ్చింది. మా ముగ్గురు అన్నదమ్ముల భూమి పంచుతున్నారు. ఐదెకరాల పది గుంటలు. వానలు పడి విత్తనం వేయకముందే కొలత అయిపోవాలి, నువ్వు రాకపోయినా ఆగదు అన్నారు. టేపు ఎవరు పడతారు, గట్టు ఎవరి వాటాలో కలుపుతారు, బావి దగ్గరి మూల ఎట్లా తీస్తారు అని నాకు తిండి సయించలేదు. వేరేవాళ్ల కొలత మీద నాకు నమ్మకం లేదు. అన్నదమ్ముల మీద కూడా.

శుక్రవారం బట్టలు ఉతకడానికి బకెట్టు నింపాను. చొక్కా తీస్తుంటే జేబులో చీటీ తగిలింది. అప్పటికే షీటు నా తలలో ఉంది. లింగన్నకు ఐదువందల తొంభై ఆరు. నాకు ఐదువందల తొంభై ఒకటి. పన్నెండు తీసేస్తే అతనికి ఐదువందల ఎనభై నాలుగు. అంటే ఏడు రోజులు నేను ముందు. ఇదంతా లెక్కవేయడానికి నాకు ఎంతసేపు పట్టింది? చొక్కా చేతిలో వేలాడుతున్నంతసేపు కూడా కాదు. చీటీ బయటికి తీయలేదు. చొక్కాను జేబుతో సహా బకెట్లో ముంచాను. సబ్బు వేశాను. పిసికాను. ఆరేసేటప్పుడు జేబులో తెల్లటి ముద్ద ఒకటి మిగిలింది. దాన్ని గోటితో గీకి కాలువలో వేశాను.

నేను ఎక్కడా తప్పు అంకె వేయలేదని చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను. చీటీ లేదు కాబట్టి గైరుహాజరు అని రాశాను. పద్ధతి ప్రకారం అది నిజమే. కానీ చీటీ ఎందుకు లేదు? ఆ ప్రశ్నకు షీటులో గడి లేదు. గడి లేనిదాన్ని అడగనక్కర్లేదని నన్ను నేను ఒప్పించుకున్నాను. లెక్క వచ్చినవాడికి ఉండే సౌకర్యం అది. ఎక్కడ దాచాలో తెలుస్తుంది.

మెస్సు తలుపు మీద పట్టీ అతికించిన పొద్దున లింగన్న పళ్లెం పట్టుకొని నా మంచం దగ్గరికి వచ్చాడు. పై మంచంలో యూసుఫ్ పడుకొని ఉన్నాడు. అతనిది హుజూరాబాద్ టౌన్, ఇంటికాడ దర్జీ, నోరు ఊరుకోదు.

"అన్నా, చుట్టీ నీ పేరు మీద వచ్చిందంట గద. నా హాజర్లు గన్ని తక్కువెట్ల పడ్డయి?"

"కాలుకు మేకు దిగి పన్నెండు రోజులు పన్నవు గద తమ్మీ."

"అవి లెక్కకు రావా?"

"రావు."

"మేకు కాలుకు దిగలేదురా లింగన్నా, సీదా నీ చుట్టీకే దిగింది," అన్నాడు యూసుఫ్ పైనుంచి. "ఫికర్ జెయ్యకు. రెండు నెలలే. గప్పటికి నీ బిడ్డ నిన్ను చూసి భయపడి ఉరికేటంత అయితది."

గదిలో అందరూ నవ్వారు. లింగన్న కూడా నవ్వాడు. తర్వాత పళ్లెం వైపు చూస్తూ అడిగాడు.

"నువ్వే రాసినవా అన్నా?"

"నేనే రాసిన."

"గట్లయితే సరే. నువ్వు రాసినంక మల్ల చూసేదేమున్నది. పోయి రా."

అంతే జరిగింది. గొంతు పెంచలేదు, అనుమానపడలేదు. ఆ పొద్దున 'రావు' అనే ఆ ఒక్క మాటే నేను నోటితో ఆడిన అబద్ధం. మిగతాదంతా చేతితో చేసింది.

పోయేవాళ్లు గదిలో అందరి మూటలూ మోసుకుపోవాలి, ఇంటింటికీ అందించాలి, ఎవరు ఎట్లా ఉన్నారో చూసి వచ్చి చెప్పాలి. అది మాలో ఎవరూ రాయని కట్టుబాటు. లింగన్న పిల్లకు గౌను కొనాలన్నాడు. కానీ కొలత తెలియదు. గంగవ్వ పంపిన ఫొటో తెచ్చి నాకిచ్చాడు. స్టూడియోలో ప్లాస్టిక్ కుర్చీ పక్కన నిలబడి ఉంది పిల్ల. మెస్సులో అలాంటి కుర్చీయే ఉంటే దాని చేయి ఎత్తు కొలిచాను. ఫొటోలో పిల్ల భుజం ఎక్కడికి వచ్చిందో స్కేలుతో చూసి లెక్కకట్టాను. ఫొటో తీసి రెండు నెలలైందని ఒక అంగుళం కలిపాను. యూసుఫ్ చంక దగ్గర వదులు ఎంత ఉండాలో చెప్పాడు. ఎర్ర గౌను కొన్నాం. ఇంటికి పోయి పిల్లను చూసి ఫోన్ చెయ్యి అన్నా, గంగవ్వ అన్నీ బాగనే ఉన్నయంటది, నువ్వయితే ఉన్నదున్నట్టు చెప్తవు అన్నాడు.

నేను ఆ ఇంటికి పోలేదు. మా ఊరి నుంచి రెండు బస్సులు మారితే ఐదు గంటలు. యూసుఫ్ మూట వాళ్ల ఇంటికి తీసుకుపోయి ఇచ్చాను, ఛాయ్ తాగాను. లింగన్న మూటను మాత్రం గంగవ్వ తమ్ముడిని కరీంనగర్ బస్టాండుకు పిలిపించి చేతిలో పెట్టాను. పొలం పనులున్నాయన్నాను. ఆ పిల్లను చూడటానికి నాకు మొహం చెల్లలేదు. నేను నిలబడే చోట నిలబడాల్సింది వాళ్ల నాన్న.

భూమి కొలిచారు. టేపు నేనే పట్టాను. బావి మూల దగ్గర రెండు గుంటలు తేడా వచ్చింది, అది పట్టుకున్నాను, నా వాటాలో కలిసింది. గెలిచానని ఆ రోజు కల్లు తాగాను.

నేను బయలుదేరిన నలభై ఒకటో రోజున రజిత చనిపోయింది. జ్వరం. మూడు రోజులు ఊళ్లోనే మందు వేయించారు. మూడో రోజు సాయంత్రం జీపు దొరికితే నిర్మల్‌కు బయలుదేరారు. దారిలోనే పోయింది. యూసుఫ్ ఫోన్ చేసి నాకు చెప్పాడు. లింగన్నను అప్పుడైనా పంపించమని ఫోర్‌మన్‌ను అడుగుదామంటే, ఇప్పుడు పోయి ఎవలను చూడాలె అని లింగన్నే వద్దన్నాడట.

నాన్న ఇంట్లో ఉంటే పిల్ల బతికేదా? మొదటి రోజే భుజాన వేసుకొని ఆసుపత్రికి పరిగెత్తేవాడా? జీపు రెండో రోజే దొరికేదా? ఈ లెక్కను ఎన్నిసార్లో మొదలుపెట్టాను. ఒక్కసారి కూడా పూర్తికాలేదు. తెలియని దానికి అంకె వేయకూడదు. బతికేదని రాస్తే నన్ను నేను హంతకుణ్ణి చేసుకుంటాను, బతికేది కాదని రాస్తే నన్ను నేను వదిలేసుకుంటాను. రెండూ నాకు రుజువు లేనివే. ఆ గడి ఖాళీగానే ఉంచాను.

క్యాంపుకు తిరిగి వచ్చిన రోజు లింగన్న నా సంచి అందుకున్నాడు. పిల్లను చూశావా అని అడిగాడు. చూడలేదని, తీరిక దొరకలేదని చెప్పాను. అతను సంచిని నా మంచం మీద పెట్టి, నీళ్లు తెచ్చి ఇచ్చాడు. వారం తర్వాత చుట్టీ మీద పోయాడు.

తర్వాత వాళ్లకు ఇద్దరు కొడుకులు పుట్టారు. ఇద్దరం వేరువేరు ఏళ్లలో తిరిగి వచ్చాం. దసరాకు ఫోన్ చేస్తాడు. పోయిన ఎండాకాలం తన తమ్ముడితో భూమి పంచుకుంటూ, నా దిక్కు నువ్వు నిలబడాలని పిలిచాడు. ఇరవై రెండేళ్లలో మొదటిసారి ఆ ఊరికి పోయాను. టేపు పట్టాను. నా అంకె మీద అన్నదమ్ములిద్దరూ వేలిముద్ర వేసినంత నమ్మకంగా తల ఊపారు.

అన్నం పెడుతూ గంగవ్వ ఆ గౌను మాట ఎత్తింది. చూడకుండానే మీరు కొలత ఎట్లా కట్టారో గానీ కుట్టించినట్టు సరిపోయిందని చెప్పింది. జ్వరం వచ్చేదాకా దాన్ని విప్పనీయలేదట. ఉంటే ఇప్పుడు ఇరవై రెండేళ్లుండేవని అన్నది. ఇరవై నాలుగు నిండబోతున్నాయి. నాకు తెలుసు. దిద్దలేదు. ముద్ద నోట్లో పెట్టుకొని చాలాసేపు నమిలాను.

లింగన్న నన్ను బస్సు దాకా సాగనంపాడు. దారి పావుగంట. అప్పుడు చెప్పాలనుకున్నాను. నోరు తెరిచాను కూడా. బస్సు ఎన్నింటికని అడిగాను. ఎందుకు చెప్పలేదు? అతను కొడతాడని కాదు. కొట్టడని. ఒకవేళ పోనియ్ అన్నా అంటే, దాన్ని తీసుకునే హక్కు నాకు ఎక్కడిది? లేదూ, ఇదంతా పిరికితనానికి నేను కుట్టుకున్న మంచి చొక్కానా? ఇది కూడా తేల్చుకోలేకపోయాను.

అందుకే మీకు రాశాను. క్షమించమని కాదు, అది మీ చేతిలో లేదు. ఇన్నేళ్లు ఈ మాట నా తలలోనే తిరిగింది, కాగితం మీద ఎప్పుడూ పెట్టలేదు. ఇప్పుడు పెట్టాను. ఊపిరి కొంచెం కిందికి దిగినట్టుంది. అంతకుమించి ఏమీ మారలేదు.

ఒక్క లెక్క మాత్రం నాకు రుజువుతో సహా వస్తుంది. ఆ టికెట్టు లింగన్నది. నలభై ఒక్క రోజులు. అందులో విమానానికి, హైదరాబాద్ నుంచి నిర్మల్‌కు, అక్కడి నుంచి ఊరికి రెండు రోజులు తీసేయాలి. మిగిలిన రోజులు అతను ఇంట్లో ఉండేవాడు, పిల్ల ఒళ్లో ఉండేది. జ్వరం వచ్చిన మూడు రోజులను కూడా ఇందులోంచి తీసేయను. తండ్రికి అవి కూడా కావాలి.

ముప్పై తొమ్మిది.