గడి తలుపు తీసిందెవరు?

పొద్దున ఆరున్నరకు జగిత్యాల బస్టాండు. తెలంగాణ కోసం సమ్మె కదా, బస్సులన్నీ డిపోలో గుర్రు పెడుతున్నాయి. నన్ను బయలుదేరదీసింది మా నాయనమ్మ. అరవై ఏళ్ల కింద మా ఊరి దొరను తెల్లవారుజామున ఆయన కోటలాంటి ఇంట్లో, గడిలోనే నరికి చంపారు. లోపలి నుంచి హంతకులకు తలుపు తీసింది అక్కడ జీతగాడిగా ఉన్న మా తాతేనని ఊరంతా అంది. ఆ మాట మోస్తూనే తాత పోయాడు. ఇప్పుడు ఉద్యమం వేడిలో మా ఊరి పోరగాళ్లకు అదే మాటతో ఆయన వీరుడైపోయాడు. సాయంత్రం అమరవీరుల స్తూపం రాయి మీద ఆయన పేరు చెక్కిస్తారట.

"తీసిండో లేదో సాక్షులనడిగి రా," అంది నాయనమ్మ. ఏడో తరగతితో బడి మానేసినవాడికి జడ్జి ఉద్యోగం!

ఎనిమిదికి షేర్ ఆటో కోరుట్లలో దింపింది. సగం ఆటోలో, సగం గాలిలో వచ్చాను. ఆ రాత్రి గడిలోనే పడుకుని, తర్వాత పోలీసులకు సాక్ష్యం చెప్పిన మల్లయ్య అరుగు మీదే దొరికాడు.

"మొకం సూడలే కొడుకా, మసకగ ఉండె. కిర్రు చెప్పుల సప్పుడు తలుపు కాడికి పోంగ ఇన్న. మీ తాతకు గసొంటియే ఉండె."

చెవులతో చూసిన సాక్షి! అయినా ఆ చెప్పుల మాట మూటగట్టుకుని లేచాను.

కథలాపూర్ దాటాక రోడ్డు మీదే పొయ్యిలు, వంటావార్పు నిరసన. "బువ్వ తినంది పోనియ్యం అన్నా," అని ఒకాయన విస్తరి వేశాడు. దారి మూశారు గానీ, వంకాయ కూర బ్రహ్మాండం.

రెండు ఆటోలు మారి రెండింటికి సిరిసిల్ల. ఒకప్పుడు గడి వాకిలి ఊడ్చిన లక్ష్మవ్వ బీడీలు చుడుతోంది. మల్లయ్య మాట చెప్పగానే పడీ పడీ నవ్వింది.

"గడిల చెప్పులేసుకొని నడిచినోడు మనోళ్లల్ల ఎవడున్నడురా? మీ తాత ఇంటికాన్నే ఇడిశి అచ్చేటోడు. లోపట కిర్రుమనిపిచ్చేది దొర, దొర తమ్ముడు. గంతే."

"మరి గప్పుడెందుకు చెప్పలే అవ్వా?"

"నన్నెవడడిగిండు?"

లక్ష్మవ్వ తాతకు వరుసకు చెల్లెలు. చుట్టరికం కింద ఆమె మాట బరువు కొంత తగ్గించాను. కానీ గడి ముందు చెప్పులు విప్పే ఆనవాయితీ ఎవరికీ చుట్టం కాదు. మల్లయ్యకు ఫోన్ చేసి అదే అడిగాను.

"దొర తమ్ముని పేరెత్తి బతికేటోన్నా, కొడుకా?"

మూడున్నరకు వేములవాడ ఆటో ఎక్కాను. ఒక్కరోజులో తేలే సంగతికి అరవై ఏళ్లు పట్టింది, ఎవరూ ఆటో ఎక్కకపోబట్టి. నాయనమ్మకు ఫోన్ కలిపాను.

"తాత తలుపు తియ్యలే, నాయనమ్మా."

ముక్కు చీదిన చప్పుడు.

"చెయ్యని పనికి గన్నేండ్లు తిట్లు తిన్నడు. ఇగ చెయ్యని పనికి దండలొద్దు."

"చెక్కేటాయన అచ్చిండా?"

"అచ్చిండు. పొద్దటి సంది నేను ఆ రాయి మీదనే కూసున్న. నువ్వు నిమ్మళంగ రా."