ఫెన్స్ మీదుగా వేసిన పులిహోర

మా పక్కింటి రాజారావు గారు తణుకు దగ్గర కోళ్ల ఫారంలో ఇరవై ఏళ్లు దాణా కలిపిన మనిషి. ఇప్పుడు ఇక్కడ, ఈ పరాయి దేశంలో, క్రెయిగీబర్న్‌లో ఏదో వేర్‌హౌస్‌లో పని. పెరట్లో అయిదు గుడ్ల కోళ్లు. వాటికి ఆయన చేసే సేవ చూస్తే నాకు ఒళ్లు మండేది. దాణా కొలిచి పోస్తారు. నూరిన ఆల్చిప్పలు వేరే గిన్నెలో పెడతారు. గుడ్డు పెట్టే కోడికి ప్రోటీన్ ఇంత, కాల్షియం ఇంత అని అడగనివాళ్లకి కూడా చెబుతారు. మా అమ్మాయి లిఖితని కూడా నేనంత లెక్కగా పెంచలేదు. అయినా ప్రతి ఆదివారం ఆయనిచ్చే ఆరు గుడ్లు మాత్రం మొహమాటం లేకుండా పుచ్చుకునేదాన్ని.

నాకో జబ్బుంది. అన్నం పారేయలేను, చేతులు రావు. మెతుకు కింద పడితే మా అమ్మ తీసి కళ్లకద్దుకునేది. ఆమె కూతుర్ని, చెత్త వేసే గ్రీన్ బిన్‌లో అన్నం ఎలా వంపను? అందుకని రాజారావు గారు పనికి వెళ్లాక మిగిలిందంతా ఫెన్స్ మీదుగా ఆయన కోళ్లకి వేసేదాన్ని. ముందు గుప్పెడే. తర్వాత మా భజన గ్రూపులో మిగిలిన ప్రసాదాలు కూడా డబ్బాలతో తెచ్చి వేశాను. నన్ను చూస్తే కోళ్లు పరుగెత్తుకొచ్చేవి. పుణ్యమనుకున్నాను. ఆయనతో చెప్పాలని తోచలేదు. అబద్ధమెందుకు, తోచింది. వద్దంటారని చెప్పలేదు.

కొన్నాళ్లకి గుడ్డు పెంకులు పల్చబడ్డాయి, వేలు తగిలితే నొక్కుకుపోయేవి. ఆరు గుడ్లు కాస్తా రెండయ్యాయి. మా గ్రూపులో కౌసల్య ఇంట్లో భజన అయ్యాక పదిమందిలో ఆ మాట వచ్చింది. దాణా మార్చి చూస్తున్నానన్నారాయన, తల వంచుకుని. నా నోరు ఊరుకుంటుందా?

"ఇరవై ఏళ్లు దాణా కలిపానంటారు, అయిదు కోళ్లకి తిండి పెట్టడం రావట్లేదాండీ?" అన్నాను.

అందరూ నవ్వారు. ఆయనా నవ్వారు.

ఆ వారమే ఎర్రకోడి చచ్చిపోయింది. సంగతి విని లిఖిత ఫోన్‌లో ఏదో చదివి, నా చేతిలోని డబ్బా వంక చూసి, "మమ్, ఇట్స్ ద రైస్," అంది. అన్నంతో కడుపు నిండితే కోడి దాణా సరిగ్గా తినదట. పెంకుకి కాల్షియం చాలదట. కాలేయానికి కొవ్వు పట్టి ఉన్నట్టుండి పడిపోతుందట. కోడిని చంపిందీ నేనే, ఆయన్ని నవ్వులపాలు చేసిందీ నేనే. సిగ్గుతో చితికిపోయాను. అయినా నోరు విప్పలేదు. అన్నం వేయడం మానేశాను, అంతే. రెండ్రోజుల్లో ఆయన గూడును ఫెన్స్‌కి దూరంగా జరిపి అడ్డంగా వల కట్టారు. నక్కల భయమేమో అనుకుని హమ్మయ్య అనుకున్నాను. ఛీ, ఏం బుద్ధి!

నెల తిరిగింది. నిన్న ఆదివారం తలుపు తీస్తే ఎదురుగా ఆయన, చేతిలో ఆరు గుడ్లు. గట్టి పెంకులు. చెయ్యి చాపలేకపోయాను. గడపలోనే నిలబెట్టి మొదటి గుప్పెడు దగ్గర్నించీ చెప్పేశాను. ఏడుపొచ్చింది.

"తెలుసండి," అన్నారాయన. "చచ్చిన కోడిని కోసి చూశానండి. గొంతు కింద తిత్తిలో పులిహోర ఉంది. శనగపప్పు, కరివేపాకుతో సహా."

మరి ఇన్నాళ్లూ ఎందుకు అడగలేదన్నాను.

"మీరే చెప్తారని చూశానండి." గుడ్లు నా చేతిలో పెట్టారు. "నాకు తెల్సిందే కదండీ శేషుకుమారి గారూ. ఆ రోజు నవ్వినోళ్లకి చెప్పండి."

ఆయన వెళ్లాక గ్రూపులో మెసేజ్ పెట్టేద్దామని ఫోన్ తీశాను. మొహం చూపించక్కర్లేదు కదా అనిపించింది. అలా అనిపించినందుకు మళ్లీ సిగ్గేసి ఫోన్ పక్కన పడేశాను. వచ్చే ఆదివారం భజన మా ఇంట్లోనే. ప్రసాదం పులిహోరని కౌసల్యకి ఎప్పుడో చెప్పేశాను. అది అందరి చేతుల్లో పెట్టి, ఆయన ఎదురుగానే చెప్పాలి.