హ్యాండిలు కింద చప్పుడు

తిరువూరు నుంచి విస్సన్నపేట వెళ్ళే రోడ్డు పక్కన జానీబాషా సైకిలు షాపు. షాపంటే ఒక రేకుల పంచ, ఒక చెక్కపెట్టె, పంక్చరు చూసుకునే నీళ్ళ బేసిను. వాళ్ళ నాన్న ఉన్నప్పుడు ఆ పంచలో అద్దె సైకిళ్ళు వరసగా నిలబడి ఉండేవి. ఇప్పుడు గాలి కొట్టించుకునేవాళ్ళు కూడా తగ్గిపోయారు. అయినా ఆయన పొద్దున్నే వచ్చి, పానాలన్నీ గుడ్డతో తుడిచి పేర్చుకుని కూర్చుంటాడు.

పాల అంతోనయ్య రోజూ ఆ దారినే వస్తాడు. చిన్నప్పుడే ఒక కన్ను పోయినవాడు కావడంతో మోపెడ్‌కు లైసెన్సు ఇవ్వం అన్నారు. మోకాళ్ళు అరిగాక మామూలు సైకిలూ తొక్కలేకపోయాడు. పాలవ్యాపారం మానేద్దామనుకుంటున్న రోజుల్లో, లైసెన్సు అక్కర్లేని బ్యాటరీ సైకిలు ఒకటి పాతది దొరికింది. లావు టైర్లు, ముందు చక్రాన్ని పట్టుకునే స్ప్రింగుల ఫోర్కు, కొండలెక్కే కుర్రాళ్ళ కోసం చేసిన బండి. దాని మీద మళ్ళీ గేదెలున్న ఇళ్ళు తిరిగి, పాలు పోయించుకుని టీకొట్లకు వేయడం మొదలుపెట్టాడు. వెనక క్యారేజీ బిగించే వీలు లేని బండి అది. అందుకని క్యాన్లు హ్యాండిలుకే చెరోపక్క తగిలించుకున్నాడు.

అక్కణ్ణుంచే వచ్చింది తంటా. హ్యాండిలు కింద, ఫోర్కు ఫ్రేములో దూరే చోట, గుంట దిగినప్పుడల్లా టక్కుమనేది. ముందు బ్రేకు పట్టి బండిని ఊపితే ఫోర్కు కదిలే పన్నులా ఆడేది.

మొదటిసారి జానీబాషా పాత సైకిళ్ళకు చేసినట్టే పైబోల్టు గట్టిగా బిగించి పంపాడు. బోల్టయితే బిగిసింది గాని లూజు పోలేదు. బండి మళ్ళీ వచ్చాక తీరిగ్గా విప్పి చూశాడు. ఈ రకంలో హ్యాండిల్ని పట్టుకున్న పక్కబోల్టులు ముందు వదులు చేస్తేనే పైబోల్టు పట్టు బేరింగుల దాకా దిగుతుందని అప్పుడు తెలిసింది. అలా చేస్తే చప్పుడు ఆగింది. కొద్దిరోజులకే మళ్ళీ మొదలైంది. విజయవాడ నుంచి కొత్త బేరింగులు తెప్పించి వేశాడు. మళ్ళీ అదే.

ఈసారి బేరింగు కూర్చునే కప్పును వేలితో నెడితే చేతిలోకి వచ్చేసింది. సుత్తి దెబ్బకు గాని ఊడకూడని వస్తువది. క్యాన్ల బరువు లాగిలాగి ఫ్రేములోని రంధ్రమే సాగిపోయిందన్నమాట. కూల్‌డ్రింకు డబ్బా రేకు సన్నగా కత్తిరించి, కప్పు చుట్టూ చుట్టి దిగ్గొట్టాడు. బండి కొత్తదానిలా అయింది.

అంతోనయ్య రోడ్డు మీద అటూ ఇటూ నడిపి చూసుకుని, "బాషా, రేపట్నుంచి మీ ఇంటికి నీళ్ళు కలపని పాలు పోస్తా," అన్నాడు.

"అంటే ఇన్నాళ్ళూ కలిపావన్నమాట."

"మీ ఆవిడకి తెలుసులే."

ఆ నవ్వు పత్తి లారీలు రోడ్డెక్కే దాకే ఉంది. రోడ్డు గుంటలు పడింది, చప్పుడు తిరిగొచ్చింది. జానీబాషా ఈసారి కప్పును ముట్టుకోలేదు. ఫ్రేము ముందుభాగాన్ని శుభ్రంగా కడిగి, డీజిలు పూసి నాననిచ్చాడు. తర్వాత పొడిగుడ్డతో తుడిచి, సుద్దముక్క పొడి రుద్దాడు. ఎక్కడైనా పగులుంటే అందులో దాక్కున్న డీజిలు సుద్దలోకి ఊరుతుంది. కాసేపటికి తెల్లటి పొడి మీద, కప్పు అంచు నుంచి పైకి, వెంట్రుకంత గీత నల్లగా తేలింది. పొరపాటేమోనని మొత్తం కడిగి మళ్ళీ రుద్దాడు. అదే గీత, అదే చోట.

"ఇది బేరింగు కాదు అంతోనయ్యా. ఫ్రేము చిట్లింది."

"అతికించెయ్."

అది అల్యూమినియం అనీ, తన దగ్గర అతకదనీ చెప్పాడు. ఆటోనగర్‌లో వెల్డింగు చేసే మనిషికి ఫోన్ చేసి అడిగాడు. అంత పల్చటి చోట వేడి తగిలితే చుట్టుపక్కల ఇంకా మెత్తబడుతుంది, పూచీ ఉండనన్నాడతను. ఆ బండి చేసిన కంపెనీ మూతపడింది కాబట్టి వేరే ఫ్రేమూ దొరకదు. ఇవన్నీ విని అంతోనయ్య కాసేపు క్యాను మూత తిప్పుతూ నిలబడ్డాడు.

"పోనీ ఆ రేకే మళ్ళీ చుట్టు. చప్పుడాగితే చాలు నాకు."

రేకు కత్తిరించడానికి ఎంతోసేపు పట్టదు. జానీబాషా చెయ్యి కత్తెర దాకా వెళ్ళింది కూడా. కాని కిందటిసారి తాను చప్పుడు ఆపిన రోజుల్లోనే ఈ పగులు లోపల్లోపల ఇంత పాకిందేమోనన్న అనుమానం అప్పుడే మనసులో పడింది. కత్తెర వదిలేశాడు.

"చప్పుడు ఆపితే పగులు ఆగుద్దా? ఆ చప్పుడొక్కటే నీకు ముందుగా చెప్పేది. అది కూడా లేకపోతే, వెనక లారీ ఉన్నప్పుడు ఫోర్కు ఊడొస్తది. ఇంక ఎక్కొద్దు దీన్ని."

"ఎక్కకపోతే పాలు నువ్వు పోసొస్తావా?"

 జానీబాషా తన పాత సైకిలు ఇస్తానన్నాడు. అంతోనయ్య తన మోకాళ్ళకేసి చూసుకున్నాడంతే.

"మీ నాన్నయితే ఏదో ఒకటి చేసిచ్చేవాడు," అని బండి తోసుకుంటూ వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత షాపు దగ్గర ఆగడం మానేశాడు. ఇంటికి మాత్రం పాలు పోస్తూనే ఉన్నాడనీ, పలకరిస్తే పలకడం లేదనీ జానీబాషా భార్య సైదాబీ చెప్పింది. పొద్దున పూట పానాలు తుడుస్తూ ఆయన రోడ్డు వైపు చెవి పెట్టేవాడు. క్యాన్ల గలగల మధ్య టక్కుమనేది. హమ్మయ్య, ఇంకా చెబుతోంది అనుకునేవాడు. చెబుతున్నంత కాలం ఎప్పుడో ఒకప్పుడు ఆ మనిషి వినకపోతాడా అని చిన్న ఆశ ఉండేది.

ఒకరోజు గలగల ఒక్కటే వినపడింది. లేచి చూశాడు. ఫోర్కు దూరే చోట చుట్టూ పైపుల లీకులకు పెట్టే బూడిదరంగు ముద్ద దట్టంగా పెట్టి ఉంది, పైన నున్నగా రంగు పూసి ఉంది. పగులు అణువంతైనా కనపడకుండా ఎవరో చాలా ఓపిగ్గా చేశారు. షాపు ముందున్న గుంటలో టైరు పడి లేచింది. చిన్న శబ్దం కూడా రాలేదు. అంతోనయ్య చాన్నాళ్ళ తర్వాత ఇటు తిరిగి, విన్నావా అన్నట్టు తల ఎగరేశాడు.

"ఆగు, అంతోనయ్యా," అని జానీబాషా రోడ్డు దాకా పరిగెత్తాడు.

బండి ఆగలేదు. రోడ్డు పల్లంలోకి దిగింది. వెనక నుంచి పత్తి లారీ ఒకటి జానీబాషాను దాటుకుని అటే పోయింది. ఆయన చేతిలో గుడ్డతో అక్కడే నిలబడి, లారీ మోతలో క్యాన్ల గలగలను వెతుక్కున్నాడు.