దూది పడే ఇంట్లో కంప్యూటర్

మొన్న ఆదివారం పొద్దున చాయ తాగుతుండగా ఆదిలాబాద్ నుంచి మా అక్క బిడ్డ నా ఫోనుకు రెండు ఫొటోలు పంపింది. మొదటిదాంట్లో ఒక అద్దాల పెట్టె, లోపల పెళ్ళి పందిరిలా రంగురంగుల లైట్లు. కంపెనీ వాళ్ళే అంతా బిగించి, సీలు వేసి పంపే రెడీమేడ్ గేమింగ్ కంప్యూటర్. రెండోదాంట్లో నోట్‌బుక్ కాగితం మీద తన చేతిరాతతో ప్రాసెసర్ మొదలుకొని స్క్రూల దాకా సామాను జాబితా, అంటే విడివిడిగా కొనుక్కొని తనే బిగించుకునేది. కింద ఒక్క ముక్క: "మామా, రెండిట్ల ఏది?" ఇంటర్ అయిపోయి ఇంజనీరింగ్‌లో చేరబోతున్న పిల్ల. చదువు కోసమేనని వాళ్ళమ్మకు చెప్పిందట. ఒకప్పుడు మా ఇంట్లో నేనూ అదే చెప్పాను కనుక ఆ సంగతిలో నోరు మూసుకోవడమే మర్యాద.

నాకు ముప్పై రెండేళ్ళు. జ్ఞాపకాలు రాసుకునే వయసు కాదని ఇంట్లో వాళ్ళు ఇప్పటికే చెప్పారు. కానీ కంప్యూటర్ల లెక్కలో చూస్తే నేను తాతల కాలం వాణ్ణి. ఇంటర్నెట్ సెంటర్లో గంట అయిపోగానే వెనక నుంచి భుజం తట్టించుకున్నవాళ్ళు, కంప్యూటర్ ఉన్న గదిలోకి చెప్పులు విడిచి పోయినవాళ్ళు, దానికి పూల గుడ్డ కుట్టించి దుప్పటిలా కప్పినవాళ్ళు ఇది చదువుతుంటే మాత్రం, నేను ఏ కాలం గురించి మాట్లాడుతున్నానో మీకు విడమరిచి చెప్పక్కర్లేదు.

మాది సిరిసిల్ల. ఇంటి ముందు గదిలో మాకు నాలుగు సాంచాలుండేవి. మరమగ్గాన్ని మా దగ్గర సాంచ అంటారు. అవి నడుస్తుంటే ఇంట్లో మామూలు గొంతుతో మాట్లాడితే ఎవరికీ వినపడదు కాబట్టి మా వాడలో ముద్దు చేయాలన్నా అరవాల్సిందే. బాపు, అంటే మా నాన్న, సాంచాలు నడపడమే కాదు, చుట్టుపక్కల ఎవరిది ఆగినా పానా పట్టుకొని పోయి నడిపించి వచ్చేవాడు. ఆయనకు ముక్కలు ఏరుకొచ్చి యంత్రం చేయడం తెలిసినందుకు మేము అనుభవించిన శిక్ష ఏమిటంటే, మా ఇంట్లో కొత్త వస్తువు అనేది ఉండేది కాదు. మా సైకిలు మూడు సైకిళ్ళకు పుట్టింది. కూలరుకు ఒళ్ళు ఒకచోటిది, మోటరు ఇంకోచోటిది. టీవీ పెట్టిన బల్ల ఒకప్పుడు ఎవరిదో సాంచకు కాలు. అన్నీ బ్రహ్మాండంగా నడిచేవి, ఒక్కటీ చూడబుద్ధయ్యేది కాదు.

డిగ్రీ మొదటి ఏడాదిలో నాకు కంప్యూటర్ పిచ్చి పట్టింది. మా పెద్దబాపు, అంటే బాపు వాళ్ళన్న, శ్రీరాంపూర్ గనుల్లో బొగ్గుబాయి ఉద్యోగి. అప్పటికే ఆయన తన కొడుక్కు రెడీమేడ్ కంప్యూటర్ కొన్నాడు. ఏడాదైనా దాని మీది ప్లాస్టిక్ కాగితం తీయనివ్వలేదు, అది వేరే సంగతి. నేనేమో అన్నీ విడిగా కొని బిగిస్తే అదే ఖర్చులో పెద్ద గ్రాఫిక్స్ కార్డు వస్తుందని కాగితం మీద లెక్క తేల్చుకొని కూర్చున్నాను. ముక్కలు కూర్చి యంత్రం చేయడమంటే ప్రాణం పెట్టే మనిషి ఇంట్లోనే ఉన్నాడు, ఒక్క మాటతో ఒప్పుకుంటాడనుకున్నాను. బాపు ససేమిరా అన్నాడు. ఆయనకు సీలు వేసిన డబ్బా కావాలట.

"మనింట్ల అన్నీ అతుకులేనాయె. గిదొక్కటన్న డబ్బల నుంచి రానీ బిడ్డా," అన్నాడు.

సాంచాలు ఆగి ఉన్న పూట మెల్లగా చెప్పాడు కనుక అది నాకు కొంచెం గట్టిగానే తగిలింది. అయినా నేను గ్రాఫిక్స్ కార్డు గురించి వాదిస్తూనే ఉన్నాను, పద్దెనిమిదేళ్ళ మనిషిని కదా.

డబ్బు కోసం బాపు నాలుగో సాంచను పాత ఇనుము కింద అమ్మేశాడు. ఇక్కడ కళ్ళు తుడుచుకోవాలనుకునేవాళ్ళు కాస్త ఆగండి, అది అప్పటికి రెండేళ్ళుగా కదలడం లేదు, మా అమ్మ, మేం అవ్వ అంటాం, దాని మీద వడియాలు ఎండబెట్టేది. కానీ దాన్ని తీసుకుపోయాక నేల బండల మీద నాలుగు బోల్టు రంధ్రాలు మిగిలాయి. బాపు ఆ గది ఊడ్చినప్పుడల్లా ఆ నాలుగింటి చుట్టూ చీపురును కొంచెం నెమ్మదిగా తిప్పేవాడు. అమ్మడానికి ఇంకో సాంచ లేదు, మిగిలిన మూడూ తిండి పెట్టేవి. కాబట్టి ఈ కంప్యూటర్ ఒక్కసారికే. తేడా వస్తే మళ్ళీ ఇంకోటి అనే మాట ఉండదు. ఆ విషయం నాకూ తెలుసు, బాపుకూ తెలుసు, ఆయన ఇల్లిల్లూ చెప్పుకున్నందువల్ల వాడ మొత్తానికీ తెలుసు.

కరీంనగర్ బస్సు ఎక్కేనాటికి ఆయన మాటే నెగ్గింది, రెడీమేడ్ ఖాయమైంది. నేను కిటికీ పక్కన కూర్చొని అన్యాయం జరిగినవాడి ముఖం పెట్టాను, దాన్నెవరూ పట్టించుకోలేదు. దుకాణంలో నల్లటి పెట్టె ఒకటి బల్ల మీద పెట్టారు. బాపు దాన్ని కొత్త కోడెను చూసినట్టు చుట్టూ తిరిగి చూశాడు, వీపు నిమిరాడు, ముఖం నిండా సంతోషం. అంతా బాగుంది. తర్వాత ఆయన అడగకూడని ప్రశ్న అడిగాడు, లోపల ఎట్లుంటదో చూపెట్టమన్నాడు. వెనక అతికించిన స్టిక్కరు చూపించి, దాన్ని చింపితే గ్యారంటీ పోతుందని దుకాణదారు చెప్పాడు.

"మరి దూది వడ్తె ఎట్ల తియ్యాలె?" అన్నాడు బాపు.

దుకాణదారుకు అర్థం కాలేదు. ఆయనను తప్పుపట్టి లాభం లేదు, అది సాంచాలున్న ఇంటివాళ్ళకే వచ్చే అనుమానం. మా ఇంట్లో దూది నూగు ఇరవై నాలుగు గంటలూ సన్నటి మంచులా రాలుతూనే ఉండేది. అన్నంలో పడేది, కనుబొమ్మల మీద పడేది, మంచం మీద అరగంట కదలకుండా పడుకుంటే దుప్పటి అక్కర్లేకపోయేది. వారానికోసారి సాంచాలు ఆపి విప్పి దూది తీయకపోతే అవి వేడెక్కి మొరాయించేవి. గాలి పీల్చే ఫ్యాన్లు నాలుగున్న పెట్టె మా ఇంట్లో రెండు వారాలు బతకదని ఆయనకు చూడగానే తట్టింది. కంప్యూటర్ మీద పుస్తకం రాసేంత జ్ఞానం సంపాదించిన నాకు మాత్రం నెల రోజుల్లో ఒక్కసారీ తట్టలేదు. దుమ్ము పడితే కరీంనగర్ తీసుకురండి, మేము తీసిస్తామని దుకాణదారు మంచిగానే చెప్పాడు. బాపు నవ్వి, వారం వారం బస్సులో దీనికీ టికెట్టు కొట్టించలేనన్నాడు.

ఆ నల్లపెట్టె మీద నుంచి చెయ్యి తీయడానికి ఆయనకు కొంచెం సేపు పట్టింది. జీవితంలో ఒక్కసారి డబ్బాలోంచి వచ్చే వస్తువు కావాలనుకున్న మనిషి, దాని ముందు నిలబడి, ఇది మనకు కాదని తేల్చుకొని, నా వైపు తిరిగి, ఆ నీ కాగితం తీయి అన్నాడు. గెలిచింది నేనే. అంత బాధగా గెలవడం అదే మొదటిసారి, ఇప్పటిదాకా చూస్తే దాదాపు చివరిసారి కూడా.

బిగించే రోజున సాంచాలు మూడూ ఆపేశారు. కిటికీలకు తడిగుడ్డలు కట్టారు. నూలు తెగకుండా సాంచాల గదిలో నీళ్ళు చల్లే అలవాటు కొద్దీ అవ్వ కంప్యూటర్ చుట్టూ కూడా చల్లబోతే ఇద్దరం ఒకేసారి అరిచాం. ఉతికిన దుప్పటి పరిచి సామానంతా వరసగా పేర్చాం. తమాషా చూడటానికి పెద్దబాపు శ్రీరాంపూర్ నుంచి ప్రత్యేకంగా దిగాడు. కుర్చీ తెప్పించుకొని, తన కొడుకు కంప్యూటర్‌ను పెట్టెలోంచి తీయడం, వైరు గుచ్చడం, అంతేనని మూడుసార్లు చెప్పాడు. నేను వీడియోల్లో చూసింది చెబుతుంటే బాపు చేత్తో చేశాడు. నిజంగా చెప్పాలంటే ఆ రోజు ఆయన చేతులు చూడాల్సింది. దారపు పోగు కొసను చూపుతో కాక వేలికొసలతో వెతికే చేతులు అవి. ప్రాసెసర్‌ను ఆయన దాని గూట్లో పెట్టిన తీరుకు వీడియోలోని మనిషి సిగ్గుపడాలి. చివరికి దాని మీద ఫ్యాను పెట్టి, నాలుగు మూలలా స్క్రూలు బిగించి, ఒక్కోదానికి ఇంకో పట్టు పట్టాడు. సాంచ మీద లూజు బోల్టు అంటే ఎగిరి మనిషి కంట్లో పడే బోల్టు. ముప్పై ఏళ్ళుగా ఆ చెయ్యి నేర్చుకున్నది అదొక్కటే.

స్విచ్ వేశాం. లైటు వెలిగింది, ఫ్యాన్లన్నీ తిరిగాయి, తెర మాత్రం నల్లగా ఉండిపోయింది. ఆపి మళ్ళీ వేశాం. మళ్ళీ అంతే.

"గాలైతె మంచిగనే అస్తుంది తమ్మీ. ఎండకాలం పనికస్తది," అన్నాడు పెద్దబాపు.

మామూలు రోజైతే ఆ మాటకు మొదట నవ్వేవాణ్ణి నేనే. ఆ రోజు నవ్వు రాలేదు. బాపు కళ్ళు నేల మీది బోల్టు రంధ్రాల వైపు పోయి వచ్చాయి. గుమ్మంలో అప్పటికే నలుగురైదుగురు పోగయ్యారు. వీళ్ళందరి సాంచాలూ ఎప్పుడో ఒకప్పుడు ఆయన నడిపించినవే. ఇవాళ ఆయన బిగించిన యంత్రం నడవలేదు.

నేను పెట్టెలోకి వంగి చూశాను. అన్నీ గుచ్చే మదర్‌బోర్డు, అంత మందపాటి పచ్చ పలక, ఫ్యాను కింద చిన్న విల్లులా వంగి ఉంది. స్క్రూలు మరీ బిగిస్తే పలక వంగి లోపలి పిన్నులు సరిగా ఆనవని ఒక వీడియోలో చివర్లో చెప్పారు, అది చెప్పే సమయానికి నేను ఇంటర్నెట్ సెంటర్లో పక్కవాడి గేమ్ చూస్తున్నాను. ఎవరి చెయ్యి అలా బిగించిందో నాకు తెలుసు. అక్కడున్నవాళ్ళకు తెలియదు.

"నేనే బాపు, ఫ్యాను స్క్రూలు జర ఎక్కువ టైట్ చేసిన," అన్నాను.

పెద్దబాపు వెంటనే నన్ను అందుకున్నాడు. ఈ కాలపు పిల్లలకు ఆత్రమెక్కువని, చెయ్యి నిలవదని, తన కొడుకైతే అసలు ముట్టనే ముట్టడని సావకాశంగా వివరించాడు. బాపు నా వైపు ఒక్క క్షణం చూసి స్క్రూడ్రైవర్ నా చేతికిచ్చాడు. నాలుగు స్క్రూలూ సగం సగం తిప్పు వదులు చేశాను. స్విచ్ వేస్తే పెట్టె కీచుమని ఒక్కసారి కూసింది, తెర మీద తెల్లటి అక్షరాలు పరుగెత్తాయి. అవ్వ దానికి బొట్టు పెట్టింది. పెద్దబాపు చాయ ఎక్కడిదాకా వచ్చిందని అడిగాడు.

ఆ సంగతి ఇంట్లో మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. మరుసటి వారం సాంచాలతోపాటు దాన్నీ విప్పాం. సైకిలు పంపుతో గాలి కొడితే పెట్టెలోంచి పిల్లి పిల్లంత దూది వచ్చింది. మళ్ళీ బిగించేటప్పుడు బాపు నాలుగు స్క్రూలూ తిప్పి, ఒక్కోదాని దగ్గర మధ్యలో ఆగి, స్క్రూడ్రైవర్ నాకందించాడు.

"ఆఖరి సగం తిప్పు నువ్వు తిప్పు. నాది సాంచ చెయ్యి," అన్నాడు.

అంతే అన్నాడు. తర్వాతి పద్నాలుగేళ్ళూ అలాగే జరిగింది. అందులో గ్రాఫిక్స్ కార్డు మూడుసార్లు మారింది, పలక మారింది, మొదటి రోజు నుంచి ఉన్నది ఆ ఇనుప డొక్కే. దాని ముందు కూర్చొని ఆడాల్సినవన్నీ ఆడాను, పొరపాటున కొంత చదివాను కూడా. ఇప్పుడు నాలుగో సాంచ ఉన్నచోటే బల్ల వేసుకొని, ఊరు కదలకుండా ఎక్కడిదో కంపెనీకి పని చేస్తున్నాను. సీలు వేసిన పెట్టె అయితే రెండు వారాలకు ఆగిపోయి ఉండేది, వడియాలు ఎండబెట్టడానికి కూడా దాని మీద చోటు చాలదు.

మా అక్క బిడ్డకు నిజాయితీగానే జవాబు రాశాను. ఇప్పుడు రెండింటికీ పెద్ద తేడా లేదు, రెడీమేడ్ తీసుకో, అందులో నామోషీ ఏమీ లేదన్నాను. పక్కన కూర్చున్న బాపుకు చదివి వినిపించాను. ఆయన అక్కావాళ్ళ ఇల్లు ఎక్కడని అడిగాడు, ఎన్నోసార్లు పోయి వచ్చిన ఇల్లు. జిన్నింగ్ మిల్లు వెనక సందులో అన్నాను. పత్తి నుంచి గింజ తీసే మిల్లు అది.

"మరి ఆడ దూది వడ్తది గద," అన్నాడు, లేచి పోయి ఉతికిన దుప్పటి వెతకడం మొదలుపెట్టాడు. నేను పంపిన సందేశం చెరిపేశాను. పిల్ల వచ్చే ఆదివారం సామానుతో ఇక్కడికే వస్తోంది.

మా ఇంట్లో మాత్రం ఇప్పుడు దూది పడటం లేదు. మూడింట్లో ఒక్క సాంచే మిగిలింది, అదీ ఎప్పుడైనా. ఇంట్లో మెల్లగా మాట్లాడినా వినపడుతోంది, దానికి మేమింకా అలవాటు పడలేదు. పోయిన నెల కంప్యూటర్ విప్పితే పంపు గాలికి చిటికెడు దుమ్ము లేచింది, అందరి ఇళ్ళలో లేచేదే. బాపు ఎప్పటిలాగే స్క్రూలు తిప్పాడు, ఈసారి మధ్యలో ఆగకుండా చివరిదాకా తిప్పి, సరిగ్గా ఉందేమో చూడమన్నాడు. పట్టి చూశాను. నాలుగూ వదులుగా ఉన్నాయి.

సరిపోయింది బాపు అన్నాను. ఆయన చేతులు కడుక్కోవడానికి లేచి వెళ్ళాక, ఒక్కోదాన్ని ఇంకో సగం తిప్పు తిప్పాను.