గంట వినబడని ప్రార్థన

పాల్వంచ దాటాక ఎదురొచ్చిన బస్సు మా బస్సు పక్కన ఆగింది. ఆ డ్రైవరు తల బయటపెట్టి, "మీ గంట పెద్దమ్మ పొద్దుగాల పోయిందంట" అన్నాడు. నేను కండక్టరును. టికెట్ల కట్ట చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఏడుపు రావలసింది. కానీ ఆమె గుర్తొస్తే నాకెప్పుడూ హుషారే ముందు వస్తుంది. ఆ సంగతి మీకు చెప్పకుండా ఉండలేను.

పెద్దమ్మ అన్నది పిలుపే, చుట్టరికం లేదు. కొత్తగూడెంలో ఒక హాస్టల్లో వంట చేసేది. ఆదివారం చర్చిలో మేమంతా ఒకేసారి గొంతెత్తి ఎవరి ప్రార్థన వాళ్లు చేసుకుంటాం. ఇక చాలని గంట కొట్టడం ఆమె పని. నాకు ఆ కాసేపే పండుగ. నాకు నత్తి మరి. అంత గోలలో నా తడబాటు ఎవరికీ వినబడదు.

కండక్టరు ఉద్యోగానికి కాగితం వచ్చిన వారం ఇంట్లో అందరూ సంబరపడుతుంటే నా గుండెలో రాయి పడింది. బస్సు ముందు నిలబడి "భద్రాచలం" అని కేకెయ్యాలి. ‘భ’ దగ్గరే నా బండి ఆగిపోతుంది. చేరకుండా తప్పించుకోవడానికి సాకులు వెతుకుతున్నాను. ఆ ఆదివారం కళ్లు మూసుకుని దేవుడికి అదే మొరపెట్టుకుంటున్నాను. పెద్దమ్మ గంట కొట్టింది. నాకు వినబడలేదు. అందరూ ఊరుకున్న చర్చిలో నా గొంతొక్కటే, "సి... సిగ్గుతో చస్తున్న, ప్రభువా, జనం నవ్వుతరని భ... భ..." అంటోంది.

కళ్లు తెరిచేసరికి అందరూ నన్నే చూస్తున్నారు. నా చూపు గుమ్మం దగ్గరి చెప్పుల మీదికి పోయింది. ఎవరో జాలిపడి మాట అందించబోతే పెద్దమ్మ చెయ్యెత్తి ఆపింది.

"వాని మాట వాన్నే చెప్పనియ్యుండ్రి. మనకేం బస్సు పోతలేదు."

తర్వాత నా వైపు తిరిగి, "చెప్పు బిడ్డా. దేవుడు మాట వింటడు గానీ జోరు సూడడు" అంది.

చాలాసేపటికి "భయం" అన్న మాట బయటికొచ్చింది. సంఘమంతా "ఆమెన్" అంది. ఇక దాచుకోవడానికి నా దగ్గర ఏమీ మిగల్లేదు. ఎంత తేలికయ్యానో చెప్పలేను.

దేవుడి దయతో నత్తి పోయిందని చర్చిలో సాక్ష్యం చెప్పాలని నాకూ ఆశే. అది పోలేదు. పోయింది సిగ్గు. ఉద్యోగంలో మొదటి రోజు "భ... భ... భద్రాచలం" అని కేకేస్తే జనం నవ్వారు, నేనూ నవ్వాను, బస్సు నిండింది. ఏ పనీ లేకపోయినా పెద్దమ్మ ఆ రోజు ఎక్కి కూర్చుంది. ఎక్కడికి పెద్దమ్మా అంటే, "ఈ బస్సు ఏడికి పోతదో నువ్వే చెప్పు" అని నాతో మళ్లీ పలికించింది.

నిన్న సమాధి దగ్గర నన్ను ప్రార్థన చెయ్యమన్నారు. "నా భ... భ..." అని ఆగాను. వెనక నుంచి ఎవరో, పాపం అలవాటు కొద్దీ, "భద్రాచలం" అని అందించారు. ముందు నవ్వింది నేనే. ఏడుస్తున్నవాళ్లూ నవ్వారు. అప్పుడు పెద్దమ్మ కూతురు కళ్లు తుడుచుకుంటూనే, అచ్చం వాళ్లమ్మలాగే చెయ్యెత్తింది. "నా భయం తీర్చిన తల్లి" అని నేను నింపాదిగా పూర్తిచేసేదాకా ఆ చెయ్యి దించలేదు.